నర్మద్ ఊరి లెక్క



పోయిన జులైలో ఒక రోజు ఎనిమిదో తరగతికి అరేంజ్‌మెంట్ పీరియడ్‌కి వెళ్ళాను. లెక్కల సారు సెలవు పెట్టారు. వచ్చింది తెలుగు టీచరు గనక క్లాసంతా పుస్తకాలు మూసేసి హాయిగా కూర్చుంది. బోర్డు మీద మాత్రం ముందురోజు లెక్క ఒకటి చెరపకుండా ఉండిపోయింది. ఒక పట్టణంలో ఇంత జనాభా, ఏటా ఇంతమంది తగ్గుతున్నారు. ఇంకో పట్టణంలో ఇంత జనాభా, ఏటా ఇంతమంది పెరుగుతున్నారు. ఎన్నేళ్ళకు రెండూ సమానమవుతాయి? ఇలాంటి లెక్క మీరందరూ చేసే ఉంటారు.

రెండో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆ నెలలోనే కొత్తగా చేరిన పిల్ల, అది ఆమెకు ఐదో బడి. మొదటి పట్టణంలో తగ్గిన వాళ్ళు ఎక్కడికి పోతున్నారు మేడమ్, రెండో పట్టణంలో పెరిగేది వాళ్ళేనా అని అడిగింది. పుస్తకంలో ఆ సంగతి ఉండదు. కానీ మనం ఉన్న ఊరికి సరిగ్గా ఈ లెక్కే ఒకప్పుడు జరిగింది. ఆ లెక్క మధ్యలో పుట్టి, ఆ రెండు పట్టణాల మధ్యే తిరుగుతూ బతికిన ఒక మనిషి కూడా ఉన్నారు. ఆయన పేరు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. సూరత్ విశ్వవిద్యాలయం బోర్డు మీద ఉంది, ఘోడ్‌దోడ్ రోడ్డులోని సెంట్రల్ లైబ్రరీ గోడ మీద ఉంది. వీర నర్మద్. ఆ రోజు క్లాసులో గంట కొట్టేలోపు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833 ఆగస్టు 24న సూరత్‌లో ఆమ్లీరాన్ అనే వీధిలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు గుజరాతీ భాషా దినంగా జరుపుతారు. మన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, అంటే తెలుగు భాషా దినోత్సవం, సరిగ్గా ఐదు రోజుల తర్వాత వస్తుంది. సూరత్‌కి బదిలీ అయి వచ్చిన మొదటి ఏడు ఈ రెండు తేదీలూ పక్కపక్కన చూసి నాకు భలే సంతోషం వేసింది.

తండ్రి లాల్‌శంకర్‌ది ముంబయిలో రాతకోతల ఉద్యోగం. అంటే మీలో చాలామంది లాగే నర్మద్ కూడా ఉద్యోగస్తుడి కొడుకే. పుట్టిన పది నెలలకే పిల్లవాణ్ణి ముంబయి తీసుకువెళ్ళారు. ఐదేళ్ళప్పుడు మొదటి బడి ముంబయి భులేశ్వర్‌లో. కొన్ని నెలలకే మళ్ళీ సూరత్, ఇంకో పంతులుగారి బడి. తర్వాత దుర్గారాం మెహతాజీ బడి. దుర్గారాం ఆ రోజుల్లో సూరత్‌లో మూఢనమ్మకాలకు ఎదురు నిలిచిన ఉపాధ్యాయుడు. ఆ తర్వాత మళ్ళీ ముంబయి, ఇంగ్లీషు చదువు, ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ. టీసీలు అనే కాగితం అప్పుడు ఉండి ఉంటే ఒక సంచీ నిండేది.

ఈ రాకపోకలకు కారణం ఆయన ఇల్లొక్కటే కాదు, ఊరు ఊరంతా అలాగే కదిలిపోతోంది. ఇప్పుడు బోర్డు మీది లెక్కకు వద్దాం.

మొగలుల కాలంలో సూరత్ మన దేశానికి పడమటి వాకిలి. హజ్‌కి వెళ్ళే ఓడలు ఇక్కడినుంచే బయలుదేరేవి. ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు ఇక్కడే కోఠీలు కట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు తమ మకాం ముంబయికి మార్చుకున్నారు. వ్యాపారం ఎటు పోతే మనుషులు అటు పోతారు. ఇంపీరియల్ గెజిటీర్ అనే పాత ప్రభుత్వ గ్రంథంలో సూరత్ జనాభా అంకెలు ఉన్నాయి. 1811లో 2,50,000. 1847లో 80,000. అదే గ్రంథంలో ముంబయి అంకెలు కూడా ఉన్నాయి. 1814లో 1,80,000. 1836లో 2,36,000.

ఇప్పుడు సమీకరణం కట్టండి. సూరత్ 36 ఏళ్ళలో 1,70,000 తగ్గింది, ఏడాదికి సుమారు 4,700. ముంబయి 22 ఏళ్ళలో 56,000 పెరిగింది, ఏడాదికి సుమారు 2,500. రెంటికీ 1814నే మొదలుగా పెట్టుకుందాం. 1811 నుంచి మూడేళ్ళలో మూడు 4,700లు తీసేస్తే 1814కి సూరత్‌లో ఉండవలసిన వాళ్ళు దాదాపు 2,36,000. ఎన్నేళ్ళకు సమానం అన్నది మనకు తెలియదు కాబట్టి దానికో అక్షరం కావాలి. లెక్కల సారు ఎక్స్ అంటారు. నేను తెలుగు టీచర్ని గనక బోర్డు మీద 'క్ష' అని రాశాను, క్లాసంతా నవ్వింది.

2,36,000 – 4,700క్ష = 1,80,000 + 2,500క్ష

క్షలన్నీ ఒక వైపు, అంకెలన్నీ ఇంకో వైపు.

56,000 = 7,200క్ష

క్ష = దాదాపు 7.8

అంటే ఎనిమిదేళ్ళు. 1814కి ఎనిమిది కలిపితే 1822. ఆ ఏడు సూరత్‌ని ముంబయి దాటిపోవాలి. క్లాసులో సగం మందికి ఈ జవాబు వచ్చేసింది, చేతులు పైకి లేచాయి. లెక్క తప్పు లేదు, జవాబు మాత్రం తప్పు.

ఎందుకంటే అదే గెజిటీర్‌లో నేను మీకు చెప్పకుండా దాచిన అంకె ఒకటి ఉంది. 1816లో సూరత్ జనాభా 1,24,406. రెండేళ్ళ ముందే ముంబయి 1,80,000 ఉంది కదా. అంటే 1822 దాకా ఆగనే లేదు, 1816 నాటికే ముంబయి దాటిపోయింది. మనం కట్టిన సమీకరణం సూరత్ ఏటా ఒకే తీరుగా తగ్గిందని అనుకుంది. నిజంగా జరిగింది వేరు. ఆ అంకెలనే నమ్మితే, మొదటి ఐదేళ్ళలో ఏడాదికి పాతికవేలు తగ్గిన ఊరు, తర్వాతి 31 ఏళ్ళలో ఏడాదికి పధ్నాలుగు వందల చొప్పునే తగ్గింది. ఇంకో మాట కూడా ఉంది. ఆ కాలపు అంకెల్లో కొన్ని ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినవి కావు, ఎవరో ఉజ్జాయింపుగా చెప్పినవి. 1797లో సూరత్‌లో ఎనిమిది లక్షలమంది ఉండేవారని కూడా ఒక అంచనా ఉంది, అది మరీ ఎక్కువని గెజిటీర్ రాసినవాళ్ళకే అనిపించింది. రెండు చుక్కల మధ్య గీత గీయడం తేలిక. ఆ చుక్కలు ఎవరు పెట్టారో, మధ్యలో ఏం జరిగిందో అడగకపోతేనే చిక్కు.

మధ్యలో ఏం జరిగిందో ఒక్క ఏడాది చెబుతాను. 1837 ఏప్రిల్. నర్మద్‌కి మూడున్నరేళ్ళు. సూరత్‌లో నిప్పంటుకుంది. మంటలు రెండు మూడు రోజులు ఆరలేదు. తొమ్మిది వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆమ్లీరాన్‌లో నర్మద్ పుట్టిన ఇల్లు కూడా అందులో పోయింది. అదే ఏడు తాపీ నది పొంగింది, కాలగా మిగిలిన ఊరు నీళ్ళలో మునిగింది. పార్సీలు, హిందూ వర్తకులు ఎందరో మూటాముల్లే కట్టుకుని ముంబయి దారి పట్టారు. ఏటా 4,700 తగ్గుతున్నారు అని మనం ఒక్క ముక్కలో రాసేసిన దానిలో ఈ మంటా ఈ వరదా ఉన్నాయి. రెండో బెంచీ అమ్మాయి అడిగింది దీని గురించే.

1850లో నర్మద్ తల్లి చనిపోయారు. ఆయనకు పదిహేడేళ్ళు. కాలేజీ మానేసి సూరత్‌కి తిరిగి వచ్చారు. 1852లో తాపీకి ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్‌లో పంతులు ఉద్యోగంలో చేరారు. ఇప్పుడు మనం రాందేర్‌కి పది నిమిషాల్లో వంతెన దాటి పోతున్నాం. అప్పటికి వంతెనే లేదు, హోప్ వంతెన 1877లో వచ్చింది. మరుసటి ఏడు సూరత్ నాన్‌పురా బడికి మార్పు. ఆ ఏడే కాన్పులో భార్య చనిపోయారు, బిడ్డ కూడా దక్కలేదు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఉద్యోగం వదిలి 1854లో మళ్ళీ ముంబయి వెళ్ళిపోయారు. ఆ ఏడు సూరత్ జనాభాలో ఒకటి తగ్గింది, ముంబయిలో ఒకటి పెరిగింది.

ముంబయిలో స్నేహితులతో కలిసి సభలు పెట్టారు, కవిత్వం రాశారు, మళ్ళీ ఒక బడిలో పంతులుగా చేరారు. ఆ పని ఆయనకు నచ్చలేదు. 1858 నవంబరు 23న రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చి, తన కలం వైపు చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుని, ఇకమీదట దాని ఒడిలోనే తలదాచుకుంటానని మొక్కుకున్నారట. గుజరాత్‌లో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఈ సంగతి చెబుతారు. ఉపాధ్యాయురాలిగా నాకు ఇందులో చిన్న బాధ ఉంది, మా వృత్తిని వదిలి పోయారు కదా. కానీ ఆ రోజుల్లో కలాన్ని నమ్ముకుని ఇల్లు నడపడం అంటే మాటలు కాదు.

ఇప్పుడు ఇంకోసారి లెక్క. సూరత్ 1847లో 80,000 దగ్గర ఉంది, ఏటా 4,700 తగ్గుతోంది. ఇలాగే పోతే ఊరు ఎప్పటికి ఖాళీ అవుతుంది?

80,000 – 4,700క్ష = 0

క్ష = 17

1847కి 17 కలిపితే 1864. ఆ ఏడు సూరత్‌లో ఆఖరి మనిషి ఇంటికి తాళం వేసి వెళ్ళిపోవాలి.

1864లో ఏమైందో చూడండి. ముంబయి నుంచి సూరత్ మీదుగా వేసిన రైలుమార్గం ఆ ఏడు చివర్లో పూర్తయింది. సూరత్ జనాభా సున్నా కాలేదు సరికదా, 1847 తర్వాత పెరగడం మొదలైంది. 1851కే 89,505. 1872 వచ్చేసరికి లక్షా ఏడు వేలు దాటింది. నర్మద్ వరకు వస్తే, 1864 సెప్టెంబరులో ముంబయిలో స్నేహితులతో కలిసి దాండియో అనే పక్షపత్రిక పెట్టారు. డోలు వాయించే కర్ర పేరు అది. పెద్ద మనుషుల కపటాన్ని, మఠాధిపతుల అక్రమాలను, షేర్ల పిచ్చిని ఆ కర్రతోనే వాయించారు.

షేర్ల పిచ్చి అన్నానుగా, అదేమిటో చెప్పాలి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు పోవడం ఆగిపోయింది. గుజరాత్ పత్తికి ధర ఆకాశానికంటింది. ముంబయిలో డబ్బు వర్షం కురిసింది. పని కోసం జనం విరగబడ్డారు. 1864లో లెక్కపెడితే 8,16,562 మంది తేలారు. 1865లో యుద్ధం ముగిసింది. షేర్లు చిత్తుకాగితాలయ్యాయి, ఎంతో మంది ఒక్క రాత్రిలో దివాలా తీశారు. 1872 లెక్కలో ముంబయి జనాభా 6,44,405. ఎనిమిదేళ్ళలో 1,72,157 తగ్గింది, ఏడాదికి దాదాపు 21,500. ఇలాగే పోతే ముంబయి ఎప్పటికి ఖాళీ అవుతుందో మీరే చేసి చూడండి. ముప్పై ఏళ్ళు, 1902 అని వస్తుంది. 1901 జనగణనలో ముంబయిలో ఉన్నవాళ్ళు 7,76,006.

ముంబయి ఇలా జారిపోతున్న కాలంలోనే నర్మద్ ఎదురు దిశలో బయలుదేరారు. సూరత్ వచ్చేశారు. ఆమ్లీరాన్‌లోనే, కాలిపోయిన పాత ఇంటి దగ్గరే, 1866లో కొత్త ఇల్లు కట్టుకుని సరస్వతీ మందిర్ అని పేరు పెట్టారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. 1865 ప్రాంతంలో సూరత్ చరిత్రను క్లుప్తంగా ఒక పుస్తకంగా రాశారు. ఈ ఊరి పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో దాని కథ రాయడానికి కూర్చోవడం నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. ఆ మరుసటి ఏడు తన కథ కూడా రాసుకున్నారు. గుజరాతీలో తొలి ఆత్మకథల్లో అది ఒకటి. తాను బతికుండగా బయటపెట్టవద్దనుకున్నారు, అందరికీ అందింది 1933లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు.

ఈ మధ్యలో ఒంటిచేత్తో నిఘంటువు పని కూడా సాగింది. సుమారు పాతికవేల మాటల నర్మకోశం 1873లో పూర్తిగా అచ్చయింది. అచ్చు ఖర్చుకు అప్పులయ్యాయి. ఆయనకు మొదటినుంచీ దాపరికం లేని చెయ్యి, పొదుపు చేతకాదు. 1869లో ఒక వితంతువును పెళ్ళాడారు. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో, అంటే దానికి పన్నెండేళ్ళ ముందు. ఒక్క తేడా ఉంది. అప్పటికి నర్మద్ ఇంట్లో భార్య డాహీగౌరి ఉన్నారు. సంస్కరణ కోసం చేసిన పని ఆమె మనసుకు ఎలా తగిలిందో ఆలోచించకుండా ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

చివరి రోజుల్లో నర్మద్ అభిప్రాయాలు మారాయి. కుర్రతనంలో తాను ఎదిరించిన పాత ఆచారాల్లో కొన్నిటిని సమర్థిస్తూ రాశారు. కొందరు స్నేహితులు నొచ్చుకున్నారు. అప్పులు తీరలేదు. 1882లో, కలానికి మాట ఇచ్చిన 24 ఏళ్ళకు, ఒక ధర్మసంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నారు. ఆ ఉద్యోగం ముంబయిలో. ఆ మాట తప్పిన దిగులు ఆయన్ని వదల్లేదని చెబుతారు. 1886 ఫిబ్రవరిలో ముంబయిలోనే కన్నుమూశారు. యాభై రెండేళ్ళు.

సూరత్ సంగతి మీకు తెలిసిందే. 2001లో 24,33,835. 2011లో 44,66,826. పదేళ్ళకు ఇరవై లక్షలు, ఏడాదికి రెండు లక్షల పైచిలుకు. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. 2006లో నగరం హద్దులు పెంచి చుట్టుపక్కల గ్రామాలను కలిపారు. ఆ గ్రామాలవాళ్ళు ఇల్లు కదలకుండానే సూరత్ వాళ్ళయిపోయారు, ఊరే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మిగతావాళ్ళు మాత్రం నిజంగా రైలెక్కి వచ్చినవాళ్ళే. లింబాయత్ వైపు ఎప్పుడైనా వెళ్ళండి. మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు వినిపిస్తుంది, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలీలు. బతుకమ్మ రోజుల్లో అక్కడికి వెళ్తే నాకు సూరత్‌లో ఉన్నానని గుర్తుండదు. ఏ పల్లెలో లెక్క తగ్గితే వాళ్ళు ఈ లెక్కలో చేరారో వాళ్ళకు బాగా తెలుసు.

ఆగస్టు 24న ఎనిమిదో తరగతి పిల్లలు ప్రార్థనలో నర్మద్ గురించి మాట్లాడారు. రెండో బెంచీ అమ్మాయే మాట్లాడింది. ఆయన మారిన బడులన్నీ వరసగా చెప్పి, తనవీ లెక్కపెట్టి, ఇంకా ఒకటి రెండు తక్కువే ఉన్నాయంది. అందరూ చప్పట్లు కొట్టారు.

దీపావళి సెలవులు కాగానే ఆమె నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. టీసీ తీసుకున్న రోజు నా దగ్గరికి వచ్చి, వచ్చే జనగణనలో తనను ఏ ఊళ్ళో రాస్తారని అడిగింది. అప్పటికి నువ్వు ఏ ఊళ్ళో ఉంటే అక్కడ అన్నాను. సరేనని తలూపి వెళ్ళిపోయింది. హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్ర సిరా గీత పడింది, క్లాసులో 41 మంది 40 అయ్యారు. వారం తిరక్కుండా భటిండా నుంచి ఒక అబ్బాయి వచ్చి రెండో బెంచీలోనే కూర్చున్నాడు. మళ్ళీ 41. వచ్చిన రెండో రోజున, స్కూలుకి వచ్చే దారిలో లైబ్రరీ గోడ మీద ఎవరిదో పేరుంది, ఎవరు మేడమ్ ఆయన అని అడిగాడు.